‘పాసే’ అంటే పాస్ అవ్వడం కాదు: ఒక ఫ్రెంచ్ క్రియకు సమగ్ర మార్గదర్శి

ఫ్రాన్స్‌లో చదువు కోసమో, కెనడా పీఆర్ పాయింట్ల కోసమో ఫ్రెంచ్ మొదలుపెట్టినవాళ్లకు మొదటి నెలలోనే ‘పాసే’ అనే క్రియ ఎదురవుతుంది. చూడగానే తెలిసిన మనిషిలా అనిపిస్తుంది. బస్ పాస్, పాస్‌పోర్ట్, టెన్త్ పాస్, అన్నీ మన నోట్లో నలిగిన మాటలే కదా. ఆ చనువే కొంప ముంచుతుంది. ఒక ఫ్రెంచ్ కుర్రాడు ‘జే పాసే లెగ్జామెఁ’ అన్నాడంటే పరీక్ష పాసయ్యానని చెప్పినట్టు కాదు. పరీక్ష రాశానని చెప్పాడు, అంతే. ఫలితం సంగతి అతను ఇంకా ఎత్తలేదు.

పెద్ద నిఘంటువు తెరిస్తే ఈ ఒక్క క్రియ కింద అర్థాలు పేజీల కొద్దీ ఉంటాయి. గడవడం, గడపడం, దాటడం, అందించడం, వచ్చి వెళ్లడం, జరగడం, తగ్గిపోవడం, వడకట్టడం... ఆ జాబితాను బట్టీ పట్టి లాభం లేదు, వారం తిరిగేసరికి ఆవిరైపోతుంది. దానికి బదులు, వాక్యంలో ‘పాసే’ పక్కన ఏముందో చూడటం అలవాటు చేసుకోండి. వెనక నేరుగా ఒక కర్మ ఉందా? చిన్న విభక్తి లాంటి మాట ఏదైనా ఉందా? ముందు ‘స’ వచ్చిందా? నూటికి తొంభై చోట్ల అర్థం అక్కడే దొరుకుతుంది. ఇంకో సలహా: ఈ క్రియ విషయంలో ఇంగ్లిష్ మీదుగా వెళ్లకండి. తెలుగులోంచి నేరుగా వెళ్తే దారి చాలా దగ్గర. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

చదివే ముందు ఉచ్చారణ గురించి నాలుగు మాటలు. ఇక్కడ ఫ్రెంచ్‌నంతా తెలుగు లిపిలోనే రాశాను. అరసున్న కనబడితే గాలి ముక్కులోంచి వదలాలి, చివర ‘న్’ వినబడకూడదు. ల, జ, స, ద, న వంటి ఒంటి అక్షరాలను పొట్టిగా, సగం మింగేసినట్టు పలకాలి. లా, సా అని దీర్ఘం ఉంటేనే నోరు పూర్తిగా తెరవాలి. ‘యు’ అని రాసినచోట పెదాలు ‘ఉ’ కోసం ముడిచి లోపల ‘ఈ’ అనండి. రేఫ గొంతులోంచి వస్తుంది. అది వింటూ నేర్చుకోవాల్సిందే.

మొదటి అడుగు: రూపాలు

రాసేటప్పుడు పి, ఏ, రెండు ఎస్‌లు, ఈ, ఆర్. రెండు ఎస్‌లనూ మర్చిపోవద్దు. రెండు అచ్చుల మధ్య ఒక్క ఎస్సే ఉంటే ఫ్రెంచ్‌లో అది ఇంగ్లిష్ ‘జీరో’లోని ‘జ’లా పలుకుతుంది.

క్రియారూపాలు సులువు. మొదటి గుంపుకు చెందిన క్రియ, వంకరలేమీ లేవు. నేను: జ పాస్. నువ్వు: త్యు పాస్. అతను: ఇల్ పాస్. ఆమె: ఎల్ పాస్. వాళ్లు: ఇల్ పాస్. రాతలో చివరి అక్షరాలు మారతాయి గానీ చెవికి అన్నీ ఒకటే. మనం: ను పాసోఁ. మీరు: వు పాసే. భవిష్యత్తులో జ పాస్రే, ఇల్ పాస్రోఁ. 1916లో వెర్దఁ యుద్ధంలో ఫ్రెంచ్ సైన్యం పట్టుకున్న నినాదం ఈ రూపమే: ‘ఇల్ న పాస్రోఁ పా’, అంటే వాళ్లు దాటి రాలేరు. భవిష్యత్ రూపం గుర్తుండాలంటే ఇంతకంటే మంచి వాక్యం నాకు కనబడలేదు.

చిక్కల్లా చెవి దగ్గర వస్తుంది. మూలరూపం ‘పాసే’, ‘మీరు’తో వచ్చే రూపం ‘పాసే’, భూతకాలంలో వాడే రూపం కూడా ‘పాసే’. ‘వెళ్తూ ఉండేవాణ్ణి’ అనే అసంపూర్ణ భూతం సైతం వేగంగా మాట్లాడితే అలాగే వినిపిస్తుంది. కాబట్టి ‘పాసే’ వినబడగానే దాని ముందు మాట మీదికి చెవి పోవాలి. ముందు ‘వు’ ఉంటే వర్తమానం, ‘జే’ ఉంటే భూతం, ‘జ పొ’ ఉంటే ‘చేయగలను’. అన్నట్టు, ఫ్రెంచ్‌లో అందరూ వాడే భూతకాలం పేరే ‘పాసే కోఁపోజే’. అందులో ఉన్నదీ ఈ క్రియే.

రెండో అడుగు: ‘ఎత్ర్’ వాడాలా, ‘ఆవ్వార్’ వాడాలా?

మొత్తం వ్యవహారంలో నిదానంగా చూడాల్సిన చోటు ఇదే, అందుకే ఎక్కువసేపు ఆగుతాను.

ఫ్రెంచ్ భూతకాలానికి ఒక సహాయక క్రియ కావాలి. చాలా క్రియలకు అది ‘ఆవ్వార్’ (కలిగి ఉండటం). వెళ్లడం, రావడం లాంటి కొన్నింటికి ‘ఎత్ర్’ (ఉండటం). మన ‘పాసే’ మాత్రం రెండింటినీ వాడుకుంటుంది. ఎత్ర్‌తో ‘జ స్వి పాసే’ అన్నా సరే, ఆవ్వార్‌తో ‘జే పాసే’ అన్నా సరే. రెండూ తప్పు కాదు, రెండింటి అర్థమూ ఒకటి కాదు. క్లాసులో చాలామంది ఇక్కడే బేజారవుతారు. నిజానికి తెలుగువాడికి ఇది పుట్టుకతో వచ్చిన తేడా.

రోజులు గడిచాయి. రోజులు గడిపాను. మనకు ఇక్కడ రెండు క్రియలున్నాయి: గడుచు, గడుపు. మొదటిది అకర్మకం, తనంతట తాను జరిగేది. రెండోది సకర్మకం, దేన్నో చేసేది. దిగు-దించు, ఎక్కు-ఎక్కించు, మారు-మార్చు అన్నీ ఈ జంటలే. ఆ తేడా మనం క్రియలోనే చూపిస్తాం. ఫ్రెంచ్ వాళ్లకు క్రియ ఒక్కటే, తేడాను సహాయక క్రియతో చూపిస్తారు. గడుచు అయితే ఎత్ర్, గడుపు అయితే ఆవ్వార్.

ఈ పద్ధతి ‘పాసే’తో ఆగదు. ‘దెసాఁద్ర్’ చూడండి. జ స్వి దెసాఁద్యు అంటే దిగాను. జే దెసాఁద్యు లా వలీజ్ అంటే పెట్టె దించాను. ‘మోఁతే’కు ఎక్కడం, ఎక్కించడం. ‘సోర్తీర్’కు బయటికి వెళ్లడం, బయటికి తీయడం: జే సోర్తి లా పుబెల్, చెత్తబుట్ట బయట పెట్టాను. ఇంగ్లిష్ మీడియం పుస్తకాల్లో దీన్ని ఒక పెద్ద మినహాయింపుల పట్టికగా ఇస్తారు. తెలుగులో ఆలోచిస్తే అది మినహాయింపే కాదు.

పరీక్షించుకోవడం తేలిక. వాక్యాన్ని తెలుగులో అనుకుని ‘దేన్ని?’ అని అడగండి. జవాబొస్తే ఆవ్వార్, రాకపోతే ఎత్ర్.

పోస్ట్‌మ్యాన్ వచ్చి వెళ్లాడు. దేన్ని? జవాబు లేదు. ల ఫాక్తెర్ ఎ పాసే. 
లియోఁలో రెండేళ్లు గడిపింది. దేన్ని? రెండేళ్లను. ఎల్ ఆ పాసే దొ జాఁ ఆ లియోఁ. 
దుబాయ్ మీదుగా వచ్చాను. దేన్ని? లేదు. జ స్వి పాసే పార్ ద్యుబాయి. 
సరిహద్దు దాటాను. దేన్ని? సరిహద్దుని. జే పాసే లా ఫ్రోఁతియేర్.

చివరి వాక్యాన్ని కాస్త గమనించండి. దాటిన మనిషి కదిలాడు కాబట్టి ఎత్ర్ రావాలి కదా అని చాలామంది వాదిస్తారు. కదలికతో పని లేదు. కర్మ ఉందా లేదా అన్నదే లెక్క.

పాత పుస్తకాల్లో ‘ల తాఁ ఆ పాసే’, అంటే కాలం గడిచింది అని ఆవ్వార్‌తోనూ కనిపిస్తుంది. చదివేటప్పుడు తికమక పడకండి, రాసేటప్పుడు మాత్రం ఎత్ర్‌తోనే రాయండి. ఇక ఎత్ర్ వాడినప్పుడు కర్తను బట్టి చివర అక్షరం చేరుతుంది: స్త్రీలింగమైతే ఒక ‘ఈ’, బహువచనమైతే ‘ఎస్’. పలుకుబడిలో ఏమీ మారదు గానీ రాత పరీక్షలో మార్కులు పోయేది ఇక్కడే.

మూడో అడుగు: కదలిక అర్థాలు

ఈ క్రియ పుట్టింది లాటిన్‌లో ‘అడుగు’ అనే మాట నుంచి. అందుకే ఆగకుండా పోవడమే దీని అసలు స్వభావం. బస్సు ఎనిమిదికి వస్తుంది అనడానికి ‘ల బ్యుస్ పాస్ ఆ ఉయి తెర్’ అంటారు. బస్సు వస్తుంది, పోతుంది, మన కోసం కూర్చోదు. బేకరీ ముందునుంచి వెళ్తున్నాను: జ పాస్ దవాఁ లా బులాఁజ్‌రీ. ఫలానా ఊరి మీదుగా అనడానికి ‘పార్’ చేర్చాలి, అది మన ‘మీదుగా’కు అచ్చంగా సరిపోతుంది. ఏజెన్సీ ద్వారా ఇల్లు చూసుకున్నా ‘పార్’ అనే అంటారు.

మనుషుల ఇళ్లకు వెళ్లేటప్పుడు ‘షే’ చేరుతుంది. జ పాస్ షే త్వా స స్వార్: సాయంత్రం మీ ఇంటికి ఓసారి వచ్చి వెళ్తాను. ఇందులో కాసేపే ఉంటాననే సూచన ఉంది. భోజనానికి పిలిస్తే ‘జ పాస్’ అని జవాబిచ్చారనుకోండి, తలుపు దగ్గర పలకరించి పోయేవాడిలా ఉంటుంది. అలాంటప్పుడు ‘జ వియెఁ’, వస్తాను అనాలి.

పారిస్ మెట్రోలో రోజూ పనికొచ్చేది ‘పార్దోఁ, జ పొ పాసే?’ కొంచెం దారిస్తారా అని. ఈ ఒక్క వాక్యం రాకపోతే దిగాల్సిన స్టేషన్ దాటిపోతుంది.

నాలుగో అడుగు: పరీక్షలు, ఆసుపత్రులు

మొదట్లో చెప్పిన గోతి దగ్గరికి మళ్లీ వద్దాం. ‘పాసే అఁ నెగ్జామెఁ’ అంటే పరీక్షకు హాజరవడం, రాయడం. డ్రైవింగ్ లైసెన్స్ టెస్టుకి వెళ్లడం ‘పాసే ల పెర్మి’. ఉద్యోగం ఇంటర్వ్యూ ‘పాసే అఁ నాఁత్రతియెఁ’. ఎన్నిసార్లు తప్పినా ‘పాసే’ చేసినట్టే.

ఇదెలా కుదిరిందో తెలియాలంటే ఆసుపత్రికి వెళ్లాలి. మోకాలు నొప్పని వెళ్తే డాక్టర్ ‘వు జాలే పాసే యూన్ రాద్యో’ అంటారు. రేడియోలో పాడమని కాదు, ఎక్స్‌రే తీయించుకోమని. రక్త పరీక్షలు, స్కానింగులు అన్నీ చేయించుకోవడం ‘పాసే దే జెగ్జామెఁ’. ఇక్కడా అదే క్రియ, అదే ‘ఎగ్జామెఁ’. ఎక్స్‌రేలో మనం నెగ్గేదేముంది? దానికి లోనవుతాం, అందులోంచి బయటికొస్తాం. రాత పరీక్ష కూడా వాళ్ల దృష్టిలో అంతే. ఫలితానికి వేరే మాటలున్నాయి.

ఆ మాటలూ నేర్చేసుకోండి. నెగ్గితే ‘రేయుసీర్’: జే రేయుసి లెగ్జామెఁ. మామూలు మాటల్లో ‘జ లే యు’, అంటే వచ్చేసింది అని. పోతే ‘రాతే’: జ లే రాతే. లాంఛనంగా రాయాలంటే ‘ఎషువే’. పై క్లాసుకు వెళ్లడానికి మాత్రం మళ్లీ ‘పాసే’నే, ఎత్ర్‌తో: ఇల్ ఎ పాసే ఆఁ దొజియెమ్ ఆనే, రెండో సంవత్సరంలోకి వెళ్లాడు. క్యూబెక్‌లో ఇంగ్లిష్ ప్రభావంతో పరీక్ష నెగ్గానన్న అర్థంలోనూ కొందరు ‘పాసే’ వాడతారు. మీరు వాడకండి, పరీక్ష దిద్దేవాళ్లు తప్పుపడతారు.

సీవీ రాసుకునేటప్పుడు ఇది చిన్న విషయం కాదు. ‘జే పాసే ల దెల్ఫ్ బే దొ’ అని రాస్తే, డెల్ఫ్ బీ2 (ఫ్రెంచ్ భాషా పరీక్షలో ఒక స్థాయి) రాశానని ఒప్పుకున్నట్టే, నెగ్గారో లేదో చదివేవాళ్లకు తెలియదు. నూటికి యాభై తెచ్చుకుని, నాలుగు విభాగాల్లో ప్రతిదాంట్లో ఇరవై అయిదుకు కనీసం అయిదు వస్తేనే ఆ డిప్లొమా చేతికొస్తుంది. అంత కష్టపడ్డాక ‘ఒబ్తన్యు’, అంటే పొందాను అని రాసుకోండి.

దీనికి చుట్టం ‘పాసాబ్ల్’. ఫ్రాన్స్‌లో మార్కులు ఇరవైకి వేస్తారు. పది నుంచి పన్నెండు లోపు వస్తే ‘పాసాబ్ల్’, అంటే పర్వాలేదు, గట్టెక్కావు అని. పన్నెండుకు ‘అసే బియెఁ’, పద్నాలుగుకు ‘బియెఁ’, పదహారుకు ‘త్రే బియెఁ’. తొంభై అయిదు శాతాలతో ఇంటర్ దాటి వెళ్లిన మన పిల్లలు ఇరవైకి పదకొండు చూసి టెన్షన్ పడి ఇంటికి ఫోన్ చేస్తారు. అక్కడ పద్నాలుగు వచ్చినవాడు క్లాసులో గొప్పవాడని అమ్మానాన్నలకు ముందే చెప్పి ఉంచడం మంచిది.

అయిదో అడుగు: కాలం

గడపడం గురించి ఇందాకే చూశాం. ఇక్కడ చేర్చాల్సింది ఒకటే: ఏం చేస్తూ గడిపారో చెప్పాలంటే ‘ఆ’ పెట్టి మూలరూపం రాయాలి. జే పాసే ల వీకెండ్ ఆ దోర్మీర్: వీకెండంతా నిద్రపోతూ గడిపాను. ‘పోతూ’ ఉంది కదా అని అక్కడ ఇంకేదో రూపం వెతకొద్దు.

డబ్బుకు మాత్రం ఈ క్రియ పనికిరాదు. ఇంగ్లిష్‌లో కాలానికీ డబ్బుకీ ఒకటే క్రియ, అందుకే ఇంగ్లిష్ దారిన వచ్చినవాళ్లు ఇక్కడ పడతారు. తెలుగులో కాలం గడుపుతాం, డబ్బు ఖర్చు పెడతాం. ఫ్రెంచ్‌లోనూ అంతే. డబ్బుకు ‘దెపాఁసే’: జే దెపాఁసే సాఁ తొరో, వంద యూరోలు ఖర్చు పెట్టాను.

దుకాణంలోంచి బయటికొస్తుంటే ‘పాసే యూన్ బోన్ జూర్నే’ అంటారు, రోజు బాగా గడవాలని. తిరిగి ‘వు జోసి’, మీకూ అనండి చాలు. రాత్రంతా నిద్ర లేకపోతే ‘పాసే యూన్ న్వి బ్లాఁష్’, తెల్లటి రాత్రి గడిపామంటారు. ప్రాజెక్ట్ గడువుల కాలంలో ఎక్కువగా వినిపించే మాట.

ఆరో అడుగు: అందించడం, ఇల్లు, వంట

భోజనాల దగ్గర ‘పాస్ మ్వా ల సెల్’, ఉప్పు ఇటివ్వు. పెద్దవాళ్లతో, కొత్తవాళ్లతో అయితే ‘వు పూవే మ పాసే ల సెల్, సిల్ వు ప్లే?’ బల్ల మీద ఎవరి ముందునుంచైనా చెయ్యి చాచి తీసుకోవడం కంటే ఇలా అడగడమే అక్కడ మర్యాద.

ఫోన్ దగ్గర ఒక తమాషా ఉంది. మనం ‘ఉండు, ఫోన్ అమ్మకిస్తాను’ అంటాం. చేతులు మారేది ఫోను. ఫ్రెంచ్ వాళ్లు ‘జ త పాస్ మామాఁ’ అంటారు, నీకు అమ్మను ఇస్తున్నానని. ఆఫీసుల్లో ‘న కితే పా, జ వు ల పాస్’: లైన్లో ఉండండి, ఆయన్ని కలుపుతున్నాను. ఎవరు ఎవరికి అన్న వరస మనకు తిరగబడుతుంది కాబట్టి దీన్ని నాలుగుసార్లు నోటితో అనుకుని పెట్టుకోండి. ఫోన్ చేయడానికి ‘పాసే అఁ కు ద ఫీల్’. ‘కు’ అంటే దెబ్బ, ‘ఫీల్’ అంటే తీగ. ‘ఒకసారి ఫోన్ కొట్టు’ అనే మనకు ఇది వింతేమీ కాదు.

జలుబు కూడా అందిస్తారు. ఇల్ మా పాసే సోఁ ర్యూమ్: వాడి జలుబు నాకంటించాడు.

హాస్టల్ గదిలో పనుల వంతులు వేసుకునేటప్పుడు ‘పాసే ల బాలే’ చీపురు పట్టడం, ‘పాసే లాస్పిరాతెర్’ వాక్యూమ్ క్లీనర్ పెట్టడం, ‘పాసే లా సెర్పియేర్’ తడిగుడ్డ పెట్టడం. వంటింట్లో సూప్ వడకట్టడానికీ ఇదే క్రియ. పాస్తా వార్చుకునే చిల్లుల గిన్నె పేరు ‘పాస్వార్’. ఆర్డర్ పెట్టడం ‘పాసే కొమాఁద్’. సినిమా ఆడుతోంది అనడానికి ‘ల ఫిల్మ్ పాస్ ఓ సినేమా’.

ఏడో అడుగు: ముందు ‘స’ చేరితే

‘స పాసే’ అంటే జరగడం. కెస్ కీ స పాస్? ఏం జరుగుతోంది? కెస్ కీ సె పాసే? ఏం జరిగింది? రెండూ పక్కపక్కనే వినండి. మొదటిదాంట్లో పొట్టి ‘స’, చివర ‘పాస్’. రెండోదాంట్లో ‘సె’, చివర ‘పాసే’. పోలీసులతోనో, డాక్టర్‌తోనో మాట్లాడేటప్పుడు ఈ రెండూ కలగలిస్తే ఇబ్బంది.

సా సె బియెఁ పాసే? ఈ ప్రశ్న పరీక్షైనా, ఇంటర్వ్యూ అయినా, ప్రయాణమైనా పనికొస్తుంది: బాగా జరిగిందా? కథ మార్సేలో జరుగుతుంది అనడానికీ ఇదే. భూతకాలంలో ఎప్పుడూ ఎత్ర్. ‘దేన్ని?’ పరీక్ష ఇక్కడ అక్కర్లేదు.

వెనక ‘ద’ తగిలితే మాత్రం అర్థం పూర్తిగా మారిపోతుంది. ‘స పాసే ద’ అంటే ఏదైనా లేకుండా నెట్టుకురావడం. జ న పొ పా మ పాసే ద కఫే: కాఫీ లేకుండా ఉండలేను. చిన్న ‘ద’ కదా అని వదిలేస్తే వాక్యానికి అర్థమే ఉండదు.

ఎనిమిదో అడుగు: చిన్న మాటలు, పెద్ద తేడాలు

‘పాసే పూర్’ అంటే ఫలానాగా కనబడటం. కావాలని వేషం వేస్తే ‘స ఫేర్ పాసే పూర్’. ఇల్ స ఫే పాసే పూర్ అఁ పొలీసియే: పోలీసునంటూ చలామణీ అవుతున్నాడు. ఆన్‌లైన్ మోసాల గురించి బ్యాంకులు పంపే హెచ్చరికల్లో ఈ పదబంధం తప్పకుండా ఉంటుంది, గుర్తుపట్టడం నేర్చుకోండి.

‘పాసే ఆ’ అంటే తర్వాతిదానికి వెళ్లడం. పాసోఁ ఆ లా కెస్తియోఁ స్వివాఁత్: తర్వాతి ప్రశ్నకు వెళ్దాం. వట్టి ‘పాసోఁ’ అంటే ‘సరే, వదిలేద్దాం’. ‘పాసే ఆ కోతే ద’ పక్కనుంచి పోవడం, అంటే చేతికందేదాన్ని చేజార్చుకోవడం. ‘పాసే స్యుర్’ చూసీచూడనట్టు పోవడం. ‘పాసే ఆవాఁ’ అన్నింటికంటే ముందు రావడం: లా ఫమీయ్ పాస్ ఆవాఁ తూ, కుటుంబం తర్వాతే ఏదైనా. ‘ఇ పాసే’ దానికే పోవడం: తూ మోఁ సలేర్ ఇ పాస్, జీతమంతా దానికే పోతోంది. అద్దెల గురించి మాట్లాడేటప్పుడు పారిస్‌లో ఎవరైనా అనే మాట.

రోజువారీ మాటల్లో ‘సా పాస్’కు ఉన్నంత గిరాకీ దేనికీ లేదు. ఎలా ఉందంటే పర్వాలేదు, నడుస్తుంది అని. కాదంటే ‘సా న పాస్ పా’. ముద్ద గొంతు దిగకపోయినా, ఎవరైనా అన్న మాట మింగుడు పడకపోయినా ఇదే వాక్యం. బిల్లు కట్టేచోట ‘లా కార్త్ న పాస్ పా’ అంటే కార్డు పడటం లేదు. ఇంకో కార్డు తీయండి, గాబరా వద్దు. దెబ్బ తగిలి ఏడుస్తున్న పిల్లాడికి ‘సా వా పాసే’, తగ్గిపోతుందిలే.

చావు గురించి చెప్పేటప్పుడు ఈ క్రియ జోలికి పోవద్దు. ఇంగ్లిష్ అలవాటుతో ‘ఇల్ ఎ పాసే’ అంటే, ఆయన ఇలా వచ్చి వెళ్లాడనే అర్థమవుతుంది. ఆ సమయంలో అది చాలా ఇబ్బందికరం. ‘ఇల్ ఎ దెసెదే’ అనండి.

తొమ్మిదో అడుగు: చుట్టాలు

ముందో వెనకో ఏదో తగిలించి పుట్టించిన మాటలు ఎన్నో. దారినపోయే మనిషి ‘పాసాఁ’, ప్రయాణికుడు ‘పాసాజే’, కాలక్షేపం ‘పాస్ తాఁ’, కాలినడక వంతెన ‘పాస్రెల్’, ముందుకు దారిలేని సందు ‘ఎఁపాస్’. పారిస్‌లో పైన అద్దాల కప్పు వేసిన పాత దుకాణాల వీధుల్ని ‘పాసాజ్’ అంటారు. 1800 ప్రాంతంలో తెరిచిన ‘పాసాజ్ దే పానొరామా’లో ఇప్పటికీ తినుబండారాల దుకాణాలు, పాత స్టాంపులు అమ్మేవాళ్లు ఉన్నారు. ‘దెపాసే’ మించిపోవడం, రోడ్డు మీద ఓవర్‌టేక్ చేయడం. ‘రపాసే’ అంటే మళ్లీ రావడం, మళ్లీ పరీక్ష రాయడం, పైగా బట్టలు ఇస్త్రీ చేయడం. ‘జ రపాస్’ అని ఎవరైనా అంటే చేతిలో ఇస్త్రీపెట్టె ఉందేమో చూసి అర్థం చేసుకోండి.

పదో అడుగు: కలిపి వినడం

ఇద్దరు స్నేహితుల ఫోన్ సంభాషణ ఇది. ముందు గట్టిగా చదవండి, తర్వాత కింది అర్థం చూడండి.

ఆలో? జ స్వి పాసే షే త్వా ఇయేర్, త్యు నేతే పా లా. 
నోఁ, జే పాసే లా జూర్నే ఆ లోపితాల్. 
కెస్ కీ సె పాసే? 
రియెఁ ద గ్రావ్. జే పాసే యూన్ రాద్యో ద్యు జను. 
ఎ తోఁ దెల్ఫ్? త్యు లా పాసే? 
వి, మే జ న సే పా సి జ లే యు. 
సా సె బియెఁ పాసే? 
లోరాల్, వి. లేక్రి, సా పాస్. 
బోఁ, జ పాస్ త వ్వార్ స స్వార్.

హలో, నిన్న మీ ఇంటికొచ్చాను, నువ్వు లేవు. లేను, రోజంతా ఆసుపత్రిలో గడిపాను. ఏమైంది? కంగారేం లేదు, మోకాలికి ఎక్స్‌రే తీయించుకున్నా. మరి నీ డెల్ఫ్? రాశావా? రాశా, వచ్చిందో లేదో తెలీదు. బాగా జరిగిందా? మాట్లాడేది బాగానే జరిగింది, రాసేది పర్వాలేదు. సరే, సాయంత్రం వచ్చి చూసి వెళ్తా.

మొదటి వాక్యంలో ఎత్ర్, రెండోదాంట్లో ఆవ్వార్ ఎందుకొచ్చాయో మీకు మీరే చెప్పుకోండి. చెప్పలేకపోతే రెండో అడుగు మళ్లీ చదవాల్సిందే.

ఇక మీ వంతు. ఈ ఆరు వాక్యాలనూ కాగితం మీద ఫ్రెంచ్‌లో రాసి, ఆ తర్వాతే జవాబులు చూడండి. నొప్పి తగ్గిపోతుంది. సెలవులు బాగా గడిచాయా? నాలుగేళ్లు గడిచాయి. డ్రైవింగ్ టెస్టుకి వెళ్లాను గానీ పోయింది. అన్నం లేకుండా ఉండలేను. మీ ఇంటి మీదుగా వెళ్తున్నాను.

జవాబులు ఇవీ: 
లా దూలెర్ వా పాసే. 
లే వాకాఁస్ స సోఁ బియెఁ పాసే? 
కాత్ర్ ఆఁ సోఁ పాసే. 
జే పాసే ల పెర్మి, మే జ లే రాతే. 
జ న పొ పా మ పాసే ద రి. 
జ పాస్ దవాఁ షే త్వా.

రెండో, మూడో వాక్యాల్లో తెలుగులో ‘గడిచాయి’ ఒకటే అయినా ఫ్రెంచ్‌లో దారులు వేరు. సెలవులు ఎలా జరిగాయన్నది మొదటి ప్రశ్న, అందుకే ‘స’ వచ్చింది. నాలుగేళ్లు ఊరికే పోయాయి, కాబట్టి వట్టి ఎత్ర్ సరిపోయింది. ఆరోదాంట్లో ‘మీదుగా’ ఉంది కదా అని ‘పార్’ పెట్టి ఉంటారు. ఊళ్లకైతే అదే సరైనది. ఇంటి ముందునుంచి పోవడానికి మాత్రం ‘దవాఁ’ కావాలి, ఎందుకంటే ‘పార్’ అంటే ఇంట్లో దూరి అవతలికి వెళ్లినట్టుంటుంది.